చాపకూడు, కోడిపోరు

పలనాటి పేరు పత్రికలలో గానవచ్చినప్పుడెల్ల దాని ప్రక్కనే యుద్ధమను మాటయు గానవచ్చుచున్నది. 2024 మే 13వ తేదీన జరిగిన ఎన్నికలలో మాచెర్ల, నరసరావుపేట ప్రాంతములయందు తలలు పగిలినవి; ఒకచోట ఓటు యంత్రమే నేలపాలయినది. ఎన్నికల సంఘమువారు జిల్లా పోలీసు అధికారిని సస్పెండు చేసి, కలెక్టరును బదిలీ చేయవలసి వచ్చెను. వార్తాఛానళ్ళవారికి ఆ వారము పండుగయే. ‘మరల పలనాటి యుద్ధ’మని వారు వేసిన కేకలు మా వీధి అరుగులపై రేయింబవళ్ళు వినబడినవి. నాయకులును పలనాటి పౌరుషమని మీసము దువ్వుచు మాటలాడిరే గాని, సిగ్గుపడినవారు మాకు గానరారైరి.

ఈ సీమ పిల్లలకు చరిత్ర చెప్పి జీవించువారము గనుక మేమొక పరీక్ష చేసితిమి. బడులు తెరచిన పిమ్మట పలనాటి చరిత్రమున మీకు దెలిసినది వ్రాయుడని తరగతిలో నడిగితిమి. కోడిపోరు అందరును వ్రాసిరి. బాలచంద్రుని కత్తి అందరును వ్రాసిరి. చాపకూడు వ్రాసినవారు ఇద్దరు. అందొకడు అది పెండ్లిభోజనమని తలచినాడు!

పండ్రెండవ శతాబ్దిని గురజాలలో నలగాముడును, మాచెర్లలో మలిదేవుడును ఏలిన కాలమున, మలిదేవుని మంత్రియగు బ్రహ్మనాయుడు కులభేదము లేక జనులనెల్ల నొక్క చాపపై గూర్చుండబెట్టి కూడు పెట్టించెనని మన కథలు చెప్పుచున్నవి. మాలవాడగు కన్నమదాసును కొడుకుగా బెంచి సేనకు నాయకుని జేసెనట. అంటరానితనము శాసనముచేత నిషేధింపబడినది 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగమున. అట్టి తలంపును ఎనిమిది వందల యేండ్లకు బూర్వపు పురుషునికి జనము అంటగట్టుటయే గొప్ప. అందలి ప్రతి యక్షరమును చరిత్రమని మేము సాధింపబోము. ఏ జనమైనను తన మూలపురుషునికి ఏ గుణము నారోపించునో, ఆ గుణమును తాను కోరుచున్నదనుట మాత్రము నిశ్చయము.

మరియొక విశేషము. ఈ కథను నిలిపినవారు వీరగాథలు పాడిన గాయకులు. వారికి బ్రహ్మన్న దేవుడే. అయినను నాగమ్మ పన్నిన పందెమునకు అతడు తలయొగ్గి, రాజ్యమును కోడికాలి కత్తిపై బెట్టి ఓడిన సంగతి వారు దాచలేదు. సంధికి బోయిన అలరాజు విషమునకు బలియగుటయు, తుదకు కారంపూడి నేల నెత్తుట దడియుటయు ఆ తప్పు వెనుక వచ్చినవే యని పాడిరి. నాగమ్మను వారు చాల నిందించిరి, నిజమే; స్త్రీ మంత్రిత్వము చేయుట వారికి గిట్టలేదేమో. కాని తమ పక్షపు తప్పును తామే పాడిరి. నేడు ఒక కక్షను సమర్థించు పత్రికలో ఆ కక్షవాని తప్పు చూపగలవారెవ్వరు?

అమెరికా వారి కథయు నిట్టిదే. 1776 జూలై 4వ తేదీన మనుష్యులందరు సమానులుగా సృజింపబడిరని వారు చాటిరి. ఆ పత్రమును రచించిన జెఫర్సనుకు బానిసలు వందలకొలది యుండిరి. 1787 నాటి రాజ్యాంగమున ప్రాతినిధ్యపు లెక్కలో ఒక బానిస అయిదింట మూడు వంతుల మనిషి. అయినను ఆ మాట వ్యర్థము కాలేదు. బానిసత్వమునుండి తప్పించుకొనివచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జూలై 5న రోచెస్టరు నగరమున నిలిచి, ఈ పండుగ బానిసకేమని ఆ మాటనే ఋణపత్రమువలె వారి ముందు బెట్టెను. 1865లో బానిసత్వము రద్దయినది. అప్పు చెల్లుటకు అంతర్యుద్ధమే కావలసివచ్చినది. పూర్తిగా చెల్లినదనియు జెప్పలేము. మన చాపకూటి అప్పు నడుగువా డింకను రాలేదు.

ఏటేట కార్తికమున కారంపూడిలో నాగులేటి యొడ్డున వీరారాధన జరుగును. అయిదు దినములలో మూడవది మందపోరు, ఆనాడే చాపకూడు. ఆ యేడు నలుగురు పిల్లలను వెంటబెట్టుకొని మేమును బోయితిమి. ఒక నాయకుడు వచ్చి, ఆయుధములకు మ్రొక్కి, ఛాయాచిత్రము దీయించుకొని, చాపలు పరచకమునుపే కారెక్కెను. మరునాటి పత్రికలో కత్తి పడినది, చాప పడలేదు.

మా నలుగురిలో ఇద్దరి తండ్రులు మే నెలలో చెరియొక కక్షవారు. ఆ పిల్లలిద్దరును ఒక్క చాపపైననే కూర్చుండి తినిరి. పప్పులో ఉప్పు చాలలేదని ఇద్దరును మాతో జెప్పిరి.