‘ఆకరీనా ఆఫ్ టైమ్’ సంగీతం: అగ్ని గుడి పాట ఎందుకు మార్చారు?

‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఆకరీనా ఆఫ్ టైమ్’ జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ తయారుచేసిన వీడియో గేమ్. 1998 నవంబర్‌లో నింటెండో 64 మెషీన్ కోసం విడుదలైంది. దాని సంగీతాన్ని అదే ఏడాది డిసెంబర్‌లో జపాన్‌లో పోనీ క్యానియన్ కంపెనీ సీడీగా తెచ్చింది. అందులో 82 ట్రాకులున్నాయి. ఈ గేమ్‌లోని ఒక పాటలో అరబ్బీ ప్రార్థన పలుకులు ఉండటం, తర్వాత వాటిని తీసేయడం ముస్లిం కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతి.

సంగీత దర్శకుడు

ఈ సంగీతం కోజి కొండోది. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ ట్యూన్ కూడా ఆయనదే. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే రికార్డింగుల జాబితాలో చేరిన మొదటి వీడియో గేమ్ సంగీతం ఆ ట్యూనే.

పిల్లనగ్రోవితో నడిచే ఆట

ఆకరీనా అంటే గుండ్రంగా ఉండే, చిన్న రంధ్రాలున్న ఊదే వాయిద్యం. గేమ్‌లో హీరో లింక్ దీన్ని వాయిస్తాడు. ఐదే ఐదు స్వరాలు, ఒక్కో స్వరానికి ఒక్కో బటన్. వాటితోనే వాన కురిపించడం, పగలును రాత్రిగా మార్చడం, గుర్రాన్ని పిలవడం లాంటివన్నీ చేయాలి. అంటే ఇక్కడ పాట వినడానికి మాత్రమే కాదు, ఆట ముందుకు సాగడానికి కూడా కావాలి. మైదానంలో తిరిగేటప్పుడు వచ్చే సంగీతం చిన్న చిన్న ముక్కలుగా తయారై, వరుస మారుతూ వినిపిస్తుంది. శత్రువు దగ్గరికొస్తే స్వరం కూడా మారిపోతుంది.

అగ్ని గుడి పాట

గేమ్‌లో ‘ఫైర్ టెంపుల్’ అనే చోట మొదటి వెర్షన్లలో ఇస్లామీ ప్రార్థనకు చెందిన అరబ్బీ పలుకులు వెనక నుంచి వినిపించేవి. వాటిని నింటెండో స్వయంగా రికార్డు చేయలేదు. మార్కెట్లో దొరికే రెడీమేడ్ శబ్దాల సీడీ నుంచి తీసుకున్నారు. తర్వాతి వెర్షన్‌లో ఆ పలుకులు పోయి, వాటి చోట కంప్యూటర్‌తో చేసిన గొంతుల శబ్దం వచ్చింది.

ముస్లింలు గొడవ చేయడం వల్లే తీసేశారని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ వెర్షన్లను పోల్చి చూసినవాళ్లు ఈ మార్పు గేమ్ జనంలోకి రాకముందే జరిగిందని తేల్చారు. మతపరమైన విషయాలు గేముల్లో ఉండకూడదన్నది కంపెనీ సొంత నియమం. గేమ్‌లో కనిపించే నెలవంక, నక్షత్రం గుర్తును కూడా తర్వాతి ఎడిషన్లలో మార్చారు.

ఇలాంటివే మరో రెండు

2002లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ‘కకుటో చోజిన్’ జపాన్‌లో తయారైన పోరాట గేమ్. అందులో ఒక పాత్ర వెనక ఖుర్ఆన్ పఠనం వినిపించడంతో అభ్యంతరాలు వచ్చాయి, 2003లో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

2008 అక్టోబర్‌లో జపాన్ కంపెనీ సోనీ ‘లిటిల్ బిగ్ ప్లానెట్’ విడుదలను ఆపి, డిస్కులు వెనక్కి తెప్పించింది. అందులోని ఒక పాటలో ఖుర్ఆన్ 3:185, 55:26 ఆయతుల మాటలున్నాయి. ఆ పాట మాలీ దేశపు ప్రఖ్యాత కోరా వాద్యకారుడు టుమానీ డియాబటేది. ఆయన స్వయంగా ముస్లిం. ఆయన దేశంలో భక్తి మాటలు పాటలో కలవడం మామూలే. అదే పాట ఆటలోకి వచ్చేసరికి సమస్య అయింది.

తల్లిదండ్రులకు

సంగీతంపై ఉలమాల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. అయితే అల్లాహ్ వాక్యాన్ని ఆట వెనక మోగే శబ్దంగా వాడటం అదబ్ కాదన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాటే. పై మూడు సంఘటనల్లోనూ అరబ్బీ పలుకులు ఆట సంగీతంలో మామూలు శబ్దంలా కలిసిపోయాయి. వెనక ఉన్న అర్థం వేరు.

చిరాగ్‌పల్లిలో ఉన్నా, టోక్యోలో ఉన్నా ఇప్పుడు ఫోన్‌లో ఈ పాటలు దొరుకుతాయి. పాత వెర్షన్ పాట కూడా ఇంటర్నెట్‌లో తిరుగుతోంది. పిల్లలు వింటుంటే ఫోన్ లాక్కోవడం కన్నా, ఆ పలుకులేమిటో, వాటిని ఎందుకు తీసేశారో కూర్చోబెట్టి చెప్పడం మేలు. మదర్సాలో నేర్చిన మాటలు పిల్లలు తామే గుర్తుపడితే, ఆ సంభాషణ ఇంకా సులువవుతుంది.