చెలిమి – చెలిమె

ఎండిన వాగు ఇసుకలో నీటికోసం తవ్వుకొనే గుంటను మా వైపు చెలిమె అంటారు. చెలిమికీ చెలిమెకూ వ్యుత్పత్తి ఒకటేనని నేననను. కాని ధర్మం ఒకటే: రోజూ చేయి పెట్టకపోతే రెండూ పూడిపోతాయి. నడివయస్సులో స్నేహితులు దొరకడం లేదని వాపోయేవారు నేడు పెక్కుమంది. దానిని వారి స్వభావదోషంగా ఎంచడం తగదు. మా ప్రాంతంలో ఆ ఒంటరితనానికొక చరిత్ర ఉన్నది.

మానేటి ఒడ్డున సిరిసిల్లలో చేమగ్గాలు ఆడిన కాలంలో నేత ఏకాకి పని కాదు. ఒకరు కండెలు చుట్టేవారు, ఒకరు ఆసు పోసేవారు. పడుగు సాగదీయడానికి వాడకట్టంతా చేయి వేసేది. పనితోపాటు మాటా సాగేది. మరమగ్గాలు వచ్చిన పిదప ఆ రొదలో పక్కవాని మాట వినబడదు. భివండీకి వలసపోయిన పద్మశాలీలు గుంపుగా పోయినందున అక్కడ పద్మనగర్ అనే తెలుగు పేటనే నిలుపుకొన్నారు.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల కథ వేరు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ యేడే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నలుగురు కూడి మాట్లాడుకోవడమే అనుమానానికి తావైన రోజులవి. 1973లో చమురు ధర పెరిగిన తరువాత గల్ఫు దేశాలలో కూలిపనులకు గిరాకీ వచ్చింది. అప్పులకూ ఎండిన బావులకూ తాళలేక యువకులు ఒక్కొక్కరుగా విమానమెక్కారు. ఉత్తరాలలో, క్యాసెట్లలో సంసారం సాగింది. ఒకే గదిలో ఏండ్ల తరబడి కలిసి వండుకొని తిన్నవారు వీసా ముగియగానే తలొక దేశానికి, తలొక జిల్లాకు చెదరిపోయారు. యాభైయేండ్లకు ఊరు చేరినవానికి ఇల్లున్నది. కష్టసుఖాలు చెప్పుకొనే ఈడువాడు లేడు.

అదే ఇండ్లలో ఆడవారి సంగతి చూడండి. వేయి బీడీలకు ఇంతని వచ్చే కూలి స్వల్పమే. భర్త లేని దిగులూ తక్కువదేమీ కాదు. అయినా చాటలు ఒళ్ళో పెట్టుకొని అరుగుమీద కలిసి కూర్చున్న అక్కాచెల్లెండ్లకు ఒకరి దుఃఖం ఒకరికి తెలిసేది.

దీనినిబట్టి నాకు తోచేదిది. పెద్దవారి స్నేహం మాటలతో మొదలు కాదు, కలిసి చేసే పనితో మొదలవుతుంది. తిరిగివచ్చినవానిని గ్రంథాలయానికో, చెరువు పూడిక పనికో, భజనకో మనమే పిలవాలి. "పైసలు సంపాయించుకొచ్చిండు గదా, ఆయనకేం తక్కువ?" అని ఊరు ఊరకుంటే ఆ చెలిమె పూర్తిగా పూడిపోతుంది.