చెరకు చరిత్ర – పర్యాటక స్మృతి: మారిషస్, బోధన్ తులనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆఫ్రికా ఖండ దేశాల్లో ఒకటైన మారిషస్ హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్న ద్వీపదేశం. పగడపు దిబ్బల చాటున నిశ్చలంగా ఉండే తీరజలాలు, పాంప్లెమూస్ ఉద్యానవనంలోని పెద్ద కలువలు, లే మోర్న్ పర్వతం పర్యాటకులను ఆకర్షిస్తాయి. అయితే 19వ శతాబ్దిలో తెలుగువారు ఆ తీరానికి వెళ్లింది విహారానికి కాదు, చెరకు తోటల్లో కూలికి. చెరకుతోనే రూపుదిద్దుకున్న నిజామాబాద్ జిల్లా బోధన్‌తో మారిషస్‌ను పోల్చి, శ్రమ చరిత్ర స్మృతిగా నిలిచే తీరును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వలస నేపథ్యం

బ్రిటిష్ పాలనలో 1835లో బానిసత్వం రద్దు కావడంతో తోటల యజమానులు ఒప్పంద కూలీలపై ఆధారపడ్డారు. 1834–1920 మధ్య దాదాపు 5 లక్షల మంది భారతీయ కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. వారిలో కోస్తాంధ్ర తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ ‘కొరింగీలు’ అన్నారు. నేడు మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి.

స్మృతి స్థలాలు

కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పారిపోయిన బానిసలకు ఆశ్రయమిచ్చిన లే మోర్న్‌కు 2008లో ఆ గుర్తింపు లభించింది. 1999లో మూతపడిన బో ప్లాన్ చక్కెర మిల్లు మ్యూజియంగా మారింది. విహారానికి వచ్చినవారికి చెమట చరిత్ర కూడా కనిపించే ఏర్పాటు ఇది.

బోధన్ అనుభవం

మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు చెరకు సాగుకు ప్రాణం పోసింది. కోస్తా రైతులు వచ్చి ‘క్యాంపులు’గా స్థిరపడ్డారు. 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ ఎదిగింది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. ఇక్కడి రైతు సొంత పొలంలో చెరకు పండించాడు. మారిషస్ కూలీ ఒప్పందానికి కట్టుబడ్డాడు. ఈ భేదాన్ని విస్మరిస్తే పోలిక తప్పుతుంది.

ముగింపు

కర్మాగారాన్ని తెరిపించాలని కోరే కార్మికులకు, రైతులకు మ్యూజియం ఉపాధికి ప్రత్యామ్నాయం కాదు. అయినా క్వార్టర్లు, హాజరు పట్టీలు, వృద్ధ కార్మికుల జ్ఞాపకాలు మిల్లు తెరుచుకునే దాకా ఆగవు. వాటి సేకరణ స్థానిక కళాశాలలు తక్షణం చేపట్టదగిన పని.