సమానత్వ భావన (వికారాబాద్–తాండూరు ప్రాంతం)

వికారాబాద్‌కు ఆ పేరు పైగా అనే జాగీర్దారు వంశానికి చెందిన, హైదరాబాద్ సంస్థాన దివాను నవాబ్ వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. జాగీరు పాలనలో మనిషి విలువను పుట్టుకే నిర్ణయించేది. నిజాం రాజ్యపు పల్లెల్లో మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, డప్పు కొట్టాలి. చాకలి దొర గడీలో బట్టలు ఉతకాలి. చేతికి కూలి దక్కదు. ఈ వెట్టినే ధర్మమని నమ్మించడం అన్నిటికన్నా ఘోరం.

దేవుని ముందు అందరూ సమానులేనన్న మాటను ఇక్కడి దళితవాడలకు తెచ్చినవారిలో మెథడిస్టు మిషన్ ముఖ్యమైనది. బడి, ఆసుపత్రి ఆ మాటకు బలమిచ్చాయి. హైదరాబాద్‌లో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి స్థాపించి, దళితులే ఈ నేల మూలవాసులని చాటాడు. దయగా అడిగే సమానత్వం అలా హక్కుగా మారింది.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని నిషేధించింది. అయితే చట్టం ఓటును సమానం చేసినంత త్వరగా భూమిని పంచలేదు. తాండూరు కందిచేలల్లో, నాపరాతి గనుల్లో రెక్కల కష్టం ఒకరిది, ఆస్తి మరొకరిది ఎందుకన్న ప్రశ్న అందుకే మిగిలింది.

1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం, అణగారిన కులాల మధ్య రిజర్వేషన్ల వాటా సంగతేమిటని నిలదీసింది. ఎస్సీ రిజర్వుడు స్థానమైన వికారాబాద్ నుంచి గెలిచిన గడ్డం ప్రసాద్ కుమార్ 2023 డిసెంబరులో తెలంగాణ శాసనసభ స్పీకరయ్యారు. దండోరా కోరిన ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ 2025 ఏప్రిల్ 14 నుంచి రాష్ట్రంలో మూడు గ్రూపులుగా అమల్లోకి వచ్చింది.