చలి కోసం కట్టిన వసారా

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఆకులు రాలే వేళకి ఇంటివాళ్ల మీద ఓ పని పడుతుంది. చుట్టూ అద్దాలు బిగించిన వసారాలోకి చలి రాకుండా చూసుకోవాలి. కిటికీ సందులు మూస్తారు, నేల కింద గాజుదూది దట్టిస్తారు, తలుపు అడుగున రబ్బరు పట్టీ కొడతారు. తమాషా ఏమిటంటే, ఆ పాత వసారాల్లో కొన్నిటిని కట్టిందే చలిగాలి పీల్చడానికి.

న్యూయార్క్ రాష్ట్రంలో అడిరాండాక్ కొండలున్నాయి. 1873లో ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ ట్రూడో అనే కుర్ర డాక్టరుకి క్షయ అని తేలింది. ఎలాగూ పోయేదే కదా, పోయేలోగా ఇష్టమైన అడవిలో ఉందామని అక్కడికి చేరాడు. పోలేదు సరికదా, ఒళ్లు చేశాడు. 1880ల మధ్యలో సరనాక్ లేక్ అనే ఊళ్లో శానటోరియం తెరిచాడు. అందులో మొదటి కాటేజీ ‘లిటిల్ రెడ్’. ఒక గది, ముందు చిన్న వసారా, అంతే.

క్షయకి అప్పటికి మందు లేదు. విశ్రాంతి, పుష్టికరమైన తిండి, చల్లని గాలి, ఇవే వైద్యం. జర్మనీలో బ్రెమర్, డెట్‌వైలర్ అనే డాక్టర్లు ఈ పద్ధతిని అంతకుముందే నడిపించారు. సరనాక్ లేక్‌లో రోగులు సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన కూడా ఉన్నికోట్లు తొడుక్కుని, కాళ్ల దగ్గర వేడినీళ్ల సీసాలు పెట్టుకుని, వసారాలో పడక కుర్చీల మీద గంటల తరబడి పడుకునేవారు. నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1887-88 చలికాలం ఆ ఊళ్లోనే గడిపాడు. రోగులకి ఇళ్లు అద్దెకివ్వడం ఊరికి జీవనాధారమయ్యాక, చాలా ఇళ్లకి వసారాలు మొలిచాయి. కొన్నిటికి మేడ మీద కూడా! మంచు జల్లు కొట్టకుండా అద్దాలు పెట్టారు గానీ, అవి తెరవడానికే ఉండేవి. గాలివైద్యం మీద ఆ నమ్మకం మన దాకా వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం ఆ కాలానిదే.

1943లో క్షయకి పనిచేసే మందు, స్ట్రెప్టోమైసిన్, దొరికింది. 1954లో ట్రూడో శానటోరియం మూతపడింది. వసారాలు మిగిలాయి. పిల్లలతో ఇరుకైపోయిన ఇళ్లకి అవి చవకలో దొరికే అదనపు గదుల్లా కనిపించాయి.

అయితే వసారాని గది చేయడం కనిపించినంత సులువు కాదు. దానికి మూడు వైపులా బయలే. చాలావాటికి నిండు పునాది ఉండదు, గుంజల మీద నిలబడతాయి, కింద నుంచి గాలి కొడుతూనే ఉంటుంది. వాన నీరు జారిపోవాలని నేలని అడుగుకి పావు అంగుళం చొప్పున బయటికి వాలుగా వేసేవారు. అద్దాలు బిగించి సోఫా వేశాక గానీ ఆ వాలు చాలామందికి తెలియదు.

చలిని ఆపే సరుకుకీ పెద్ద కథే ఉంది. అట్లాంటిక్ తీరంలో పాతకాలపు వాళ్లు చలికాలానికి ముందు గోడల మొదట్లో సముద్రపు గడ్డి, ఎండుటాకులు పోసేవారు. బోస్టన్‌లో శామ్యూల్ కాబట్ అదే గడ్డిని దళసరి కాగితాల మధ్య కుట్టించి, బొంతలా చుట్టలు చుట్టి అమ్మాడు. అసలు మలుపు 1932లో వచ్చింది. ఓవెన్స్-ఇల్లినాయ్ గాజు కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు దిమ్మెల్ని అతికించే ప్రయత్నంలో ఉండగా, కరిగిన గాజు ధార మీద గాలి చిమ్మడంతో అది సన్నటి పోగులైపోయింది. గేమ్స్ స్లేటర్ దాన్ని సరుకుగా మలిచాడు. 1938లో ఓవెన్స్-కార్నింగ్ సంస్థ పుట్టింది. ఆ సంస్థ గాజుదూది గులాబీ రంగు మాత్రం 1956 నాటిది. గడ్డి అయినా గాజు అయినా కిటుకు ఒకటే. పోగుల మధ్య గాలి కదలకుండా చిక్కుకుపోవాలి, వేడిని ఆపేది ఆ నిలిచిన గాలే. అందుకే దూదిని అదిమి కుక్కితే పనితనం తగ్గుతుంది.

1973లో చమురు సంక్షోభం వచ్చేదాకా ఇదంతా ఓపికున్నవాళ్ల వ్యవహారం. ఇల్లు వెచ్చబెట్టే నూనె ధర ఎగబాకాక ఇంటింటి సమస్య అయింది. అప్పుడు చాలామంది దూది కొన్నారు, సందులు వదిలేశారు. నా లెక్కలో సందులే ముందు. గాలి ఈలలు వేస్తున్న గదిలో ఎంత దూది పెట్టినా డబ్బు దండగ. రెండో చిక్కు తేమ. వంటింటి ఆవిరి, మనుషుల ఊపిరి గోడలోకి చొరబడి చల్లటి చెక్క మీద నీరు కడతాయి, చెక్క చివుకుతుంది. అందుకని చలి ప్రాంతాల్లో ఆవిరిని అడ్డుకునే కాగితం గది వైపు, అంటే వెచ్చటి వైపు ఉండాలి. బయటివైపు పెడితే తేమని గోడలోనే బంధించినట్టు.

ఇంత చేసినా అద్దం అద్దమే. ఒంటి అద్దం చలిని ఆపేది చాలా తక్కువ, జంట అద్దం దానికి సుమారు రెట్టింపు. మరి మిన్నెసోటా చలిలో అద్దాల గది ఎందుకంటే, అక్కడి తెలుగువాళ్లలో చాలామంది కరివేపాకు కుండీ చూపిస్తారు. ఆ మొక్క మంచు కురిసే ఆరుబయట బతకదు, ఎండ లేకపోతే ఆకు వేయదు. అనుభవమున్న వడ్రంగులు వసారాకీ ఇంటికీ మధ్య ఉన్న పాత తలుపుని మాత్రం తీయనివ్వరు. మరీ గడ్డకట్టే రాత్రుల్లో కుండీని లోపలికి తెచ్చుకుని ఆ తలుపు మూసేస్తే, వసారాని వెచ్చబెట్టే ఖర్చు తప్పుతుంది.