ఉత్తరము వ్రాయు యంత్రము

పూర్వము మనవారు ఉత్తరము వ్రాయునపుడు "ఉభయకుశలోపరి" యని మొదలిడి, పిమ్మట అసలు సంగతి వ్రాసెడివారు. ఆ మొదటి మాట అందరి ఉత్తరములందును ఒక్కటే. తరువాతిది ఎవరిది వారిదే. నేడు కృత్రిమ మేధ సహాయముతో ఉత్తరములు, వ్యాసములు వ్రాయువారు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. అట్టి యంత్రముల చరిత్రయే దీనిని బోధించుచున్నది.

1913లో రష్యా గణితశాస్త్రజ్ఞుడు ఆంద్రే మార్కోవ్, పుష్కిన్ రచించిన 'యెవ్గేనీ ఒనేగిన్' కావ్యమునుండి 20,000 అక్షరములను వరుసగా తీసికొని అచ్చులను, హల్లులను లెక్కించెను. అచ్చులు 8,638, అనగా నూటికి 43. కాని హల్లు తరువాత అచ్చు వచ్చుట నూటికి 66 సార్లు. అచ్చు తరువాత మరల అచ్చు వచ్చుట 13 సార్లు మాత్రమే. ఒక అక్షరము తెలిసినచో తరువాతి దానిని కొంతవరకు ఊహింపవచ్చునని దీనివలన స్పష్టమైనది.

1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ ఈ పద్ధతిని మాటలకును వర్తింపజేసెను. దీనిని తరగతిలో చేసి చూడవచ్చును. ఒక పుస్తకమును ఎక్కడనో తెరచి ఒక మాటను వ్రాసికొనుడు. మరియొక చోట తెరచి, ఆ మాట మరల కనబడువరకు చదివి, దాని ప్రక్కనున్న మాటను వ్రాసికొనుడు. ఇట్లే సాగించినచో వాక్యమువంటి దొకటి ఏర్పడును. దానికి నడక యుండును, అర్థము నిలువదు.

1952లో ఇంగ్లండునందు, హారో పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన క్రిస్టఫర్ స్ట్రేచీ, మాంచెస్టరు విశ్వవిద్యాలయపు గణకయంత్రముచే ప్రేమలేఖలు వ్రాయించెను. రెండు వాక్యపు మూసలను, కొన్ని పదముల పట్టికలను దానికిచ్చి, పదముల ఎంపికను యాదృచ్ఛికమునకు విడిచెను. లేఖల చివర యంత్రము పేరే సంతకముగా నుండెను. ప్రేమించినవారు లేరు, ప్రేమింపబడినవారును లేరు. లేఖ మాత్రము సిద్ధము!

1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలిజా' యను ప్రోగ్రామును ప్రకటించెను. అది మనిషి చెప్పిన మాటనే త్రిప్పి ప్రశ్నగా అడిగెడిది. దాని తయారీని స్వయముగా చూచిన ఆయన కార్యదర్శియే, దానితో సంభాషించుచు, ఆయనను గదినుండి బయటికి వెళ్లుమని కోరెను. తనను అర్థము చేసికొనునది ఎదుట నున్నదని మనిషి ఎంత సులభముగా నమ్మునో దీనివలన తెలియుచున్నది.

2017లో 'ట్రాన్స్‌ఫార్మర్' అను విధానము వెలువడెను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ ప్రజలకు అందెను. వీనియందును మూలసూత్రము తరువాతి మాటను ఊహించుటయే. అయితే ఒక్క మాటను గాక, ముందు నడచిన భాగమంతయు చూచి, అపారమైన గ్రంథరాశినుండి నేర్చిన పోలికలతో ఊహించును. అందుచేతనే వాక్యము ఒరవడిగా సాగును. అసత్యమును సైతము అంతే ఒరవడిగా చెప్పగలదు.

కనుక అక్షరదోషములు చూపుటకు, తారుమారైన పేరాలను సరిచేయుటకు, దీర్ఘవాక్యమును కుదించుటకు అది మంచి సహాయకారి. కాని వసతిగృహమునుండి తల్లికి వ్రాయు విద్యార్థి బెంగ ఏ గ్రంథరాశిలోను లేదు. అతడు చెప్పనిదే యంత్రము దానిని ఎరుగదు. చెప్పకున్నను, పదిమంది బెంగను పోలినదానిని వ్రాసి యిచ్చును. తల్లి చదువునది కుమారుని ఉత్తరము కాదు.

ఉభయకుశలోపరి వరకు యంత్రము వ్రాయవచ్చును. ఆ పైది వ్రాయవలసినవాడు ఒక్కడే.