ర్యామ్ వేయించాలా, డిస్క్ మార్చాలా? మన ఇళ్లల్లో పాత కంప్యూటర్ కథ

మొన్న సంక్రాంతి సెలవుల్లో కాజీపేటలో మా ఇంటికి పోయినప్పుడు బాపు ఒక ప్రశ్న అడిగిండు. "ఏందిరా, ఇది ఇగ నడవదంటున్నరు గదా, పాత సామాన్లోనికి ఇచ్చేద్దామా?"

ఆయన చూపించింది 2012లో కొన్న డెస్క్‌టాప్‌ని. బాపు రైల్వేలో చేసి రిటైరయ్యిండు. కంప్యూటర్‌తో ఆయనకున్న పని పెన్షన్ కాగితాలు, రైలు టికెట్లు, బ్యాంకు, ఘంటసాల పాటలు. అంతే. దానికోసం ముప్పై నలభై వేలు పెట్టి కొత్తది కొనాలంటే ఆయనకు ప్రాణం ఒప్పదు, నాకూ ఒప్పదు.

"ఎస్ఎస్‌డీ వేద్దాం, ర్యామ్ పెంచుదాం" అని నా నోటికి వచ్చేసింది. తర్వాత గుర్తొచ్చింది, ఎస్ఎస్‌డీ నేనే 2018లో వేసిన. ర్యామ్ కూడా అప్పుడే పెంచిన. మరి ఇప్పుడేం చెప్పాలి? ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. "పాత కంప్యూటర్‌కి ఏం వేయించాలి" అన్న ప్రశ్న మన దగ్గర పాతికేళ్లుగా మారలేదు, జవాబు మాత్రం నాలుగైదేళ్లకోసారి మారుతూ వచ్చింది. మనమేమో పోయినసారి జవాబునే పట్టుకుని షాపుకి పోతుంటాం. డబ్బులు పోయేది అక్కడే. అందుకే ఇవాళ ఆ జవాబుల చరిత్ర చెప్తా.

అసలు "అప్‌గ్రేడ్" అన్న మాట మన ఇళ్లల్లోకి రావాలంటే ముందు విడి భాగాలు దొరకాలి. కంప్యూటర్ తయారీ మనకు కొత్తేం కాదు, 1969లోనే హైదరాబాద్‌లో ఈసీఐఎల్ సంస్థ టీడీసీ-12 తయారుచేసింది. కానీ అవి ల్యాబులకు, ఆఫీసులకు. ఇంటికి రావడానికి దారి వేసింది సుంకాలు తగ్గడం. 1984 నవంబర్‌లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చి దిగుమతులు సడలించింది. 1997లో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థ ఐటీ ఒప్పందంలో చేరింది, దాంతో కంప్యూటర్ భాగాల మీద దిగుమతి సుంకం దశలవారీగా తగ్గి 2005 కల్లా సున్నాకి వచ్చింది. తైవాన్ మదర్‌బోర్డు, కొరియా ర్యామ్, థాయిలాండ్ హార్డ్ డిస్క్ తెచ్చి ఇక్కడ ఒక డబ్బాలో బిగిస్తే కంపెనీ కంప్యూటర్ కంటే బాగా చౌకగా వచ్చేది. అదే అసెంబుల్డ్ కంప్యూటర్. ఆ మొత్తం డబ్బాని మనం "సీపీయూ" అంటాం. సీపీయూ అంటే లోపలుండే చిన్న చిప్పు మాత్రమే అని బీటెక్‌లో చెప్పినా, ఇంటికొస్తే నేనూ అదే అంటా.

మన వరంగల్ వాళ్లకి పెద్ద బజార్ అంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, సీటీసీ. కాజీపేటలో రైలెక్కితే సుమారు 130 కిలోమీటర్లు. ఇక్కడ ఆర్ఈసీ ఉంది, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసింది, 2002లో ఎన్ఐటీ అయింది. తర్వాత ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు వచ్చినయి. వాటిల్లో చదివే పిల్లలు పొద్దున పోయి, నాలుగు షాపుల్లో కొటేషన్ రాయించుకుని, సాయంత్రం బండికి ఒళ్లో మదర్‌బోర్డు డబ్బా పెట్టుకుని వచ్చేవాళ్లు. తెలుగులో రాసిపెట్టినవి చదవాలంటే 'కంప్యూటర్ ఎరా' లాంటి మాసపత్రికలు. వీడియోలు లేవు కదా అప్పుడు.

ఆ రోజుల్లో జవాబు ఒక్కటే: ర్యామ్. ఎందుకో చూడండి. విండోస్ 95కి 4 ఎంబీ ఉంటే నడుస్తుంది, 8 ఉంటే మంచిదన్నారు. 2001లో ఎక్స్‌పీ వచ్చేసరికి కనీసం 64, మంచిగా నడవాలంటే 128 అన్నారు. ఆరేళ్లలో పదహారు రెట్లు. ఇంట్లో మెషీన్ మాత్రం అదే. ర్యామ్ సరిపోకపోతే విండోస్ ఊరుకోదు, హార్డ్ డిస్క్‌లో కొంత జాగా తీసుకుని దాన్నే ర్యామ్ లాగా వాడుకుంటుంది. డిస్క్ ర్యామ్ కంటే ఎన్నో వేల రెట్లు నెమ్మది. డబ్బా ముందు ఎర్ర లైటు ఆగకుండా వెలుగుతుంటే, లోపల కరకరమని చప్పుడొస్తుంటే, అర్థం అదన్నమాట. అప్పుడు ఇంకో 128 ఎంబీ ముక్క గుచ్చితే మనిషి మొహం వెలిగిపోయేది.

అయితే అక్కడ కూడా చిక్కుంది. పాతది ఎస్‌డీ ర్యామ్, 168 పిన్నులు. తర్వాత డీడీఆర్, 184 పిన్నులు. ఆ తర్వాత డీడీఆర్2, డీడీఆర్3, రెండూ 240 పిన్నులే కానీ మధ్యలో గాటు వేర్వేరు చోట ఉంటుంది, ఒకదానిలో ఇంకోటి దిగదు. బోర్డు మారిస్తే ర్యామ్ పోయినట్టే. ఇంకో విషయం, మన హన్మకొండ షాపులో ధర ఎప్పుడూ హన్మకొండలో తేలలేదు. 1999 సెప్టెంబర్ 21న తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది, అక్కడి చిప్పుల ఫ్యాక్టరీలకు రోజుల తరబడి కరెంటు లేదు, ప్రపంచమంతా ర్యామ్ ధర ఎగిరింది. షాపతను "రేటు పెరిగింది సార్" అంటే మోసం చేస్తున్నడనుకునేవాళ్లు. పాపం, అన్నిసార్లూ కాదు.

మా కంప్యూటర్ కథ కూడా అట్లనే మొదలైంది. 2011 చివర్లో థాయిలాండ్‌లో వరదలు. హార్డ్ డిస్కుల తయారీలో ఆ దేశం ప్రపంచంలో రెండో స్థానంలో ఉండేది, వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీలోకి నీళ్లొచ్చినయి. డిస్కుల ధరలు మండిపోయినయి. బాపు 2012లో కొనడానికి పోతే, అనుకున్న 500 జీబీ పక్కనపెట్టి 320 జీబీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇంటెల్ హెచ్61 బోర్డు, పెంటియం జీ620 ప్రాసెసర్, 2 జీబీ డీడీఆర్3. నేను అప్పుడు తొమ్మిదో తరగతి, నాకు అదొక విమానం.

మరుసటి ఏడు నేను చేసిన తప్పు చెప్పాలి. అప్పటికి ఇళ్లల్లో జవాబు మారింది: "గ్రాఫిక్స్ కార్డు వేయించు." గేమ్స్ నెట్ సెంటర్ల నుంచి ఇంటికి వచ్చిన కాలం. ఏడ్చి మొత్తుకుని బాపుని షాపుకి తీసుకుపోయిన. "అన్నా, ఈ కార్డు మా దాంట్ల నడుస్తదా?" అంటే, "నడుస్తది తమ్మీ" అన్నడు ఆయన. దానికి కరెంటు వైరు విడిగా కావాలి, మా ఎస్ఎంపీఎస్‌కి ఆ వైరే లేదు, ఏదో కన్వర్టర్ పెట్టిండు. పదకొండు రోజులు నడిచింది. ఒకరోజు టప్పుమని చప్పుడు, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ కార్డును కూడా తీసుకుపోయింది.

ఇంజినీరింగ్‌కి వచ్చాక అర్థమైంది. ఎస్ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. కానీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ లాగేది 12 వోల్టుల లైను నుంచి. లేబుల్ మీద ఆ లైను పక్కన 14 ఆంపియర్లని ఉంటే, పన్నెండు పద్నాలుగుల 168. అంటే వాటికి దక్కేది 168 వాట్లే. చౌక డబ్బాల్లో ఆ 168 కూడా నమ్మకం లేదు. దానికి తోడు ఆ రెండు మూడేళ్లు కరెంటు కోతలు గుర్తున్నయి కదా, పోతూ వస్తూ, వోల్టేజీ ఊగుతూ. అప్పుడు మా ఇంటికి కావలసింది కార్డు కాదు, మంచి ఎస్ఎంపీఎస్, ఒక యూపీఎస్. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మూడో జవాబు విండోస్ 10తో వచ్చింది. 2016 జూలై 29 దాకా ఫ్రీ అన్నరని వేసేసిన. అంతే, ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా తెరుచుకునేది కాదు. టాస్క్ మేనేజర్ చూస్తే డిస్క్ 100 శాతం. అందరూ మళ్లీ పాత జవాబే చెప్పారు: ర్యామ్. 4 జీబీ చేసిన. కొంచెం మెరుగు, అంతే.

లెక్క వేస్తే సంగతి బయటపడింది. మా హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120. ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు, 4 పైచిలుకు. ముల్లు కదలడానికి ఇంకో 8, 9. మొత్తం దాదాపు 13. అంటే చెదురుమదురుగా ఉన్న ఫైళ్లు సెకనుకి 75, 80 మించి చదవలేదు. విండోస్ 10 ఆన్ అయ్యేటప్పుడు వెనకాల అప్‌డేట్, యాంటీవైరస్, సెర్చ్ అన్నీ కలిసి వేల ముక్కలు అడుగుతయి. ఎస్ఎస్‌డీలో తిరిగేది లేదు, కదిలేది లేదు, చౌకది కూడా సెకనుకి వేలల్లో ఇస్తుంది. 2018లో, బీటెక్ మూడో ఏడు, ఇంటర్న్‌షిప్ డబ్బులతో 120 జీబీ ఎస్ఎస్‌డీ కొన్న. హెచ్61 బోర్డులో సాటా పాత వేగమే, 3 గిగాబిట్లు. ఎస్ఎస్‌డీ పూర్తి స్పీడు రాదు, "వేస్టు" అన్నరు ఫ్రెండ్స్. అర నిమిషం లోపు డెస్క్‌టాప్ వచ్చింది. నెమ్మదికి కారణం పెద్ద ఫైళ్ల స్పీడు కాదు, చిన్న ముక్కల కోసం వెతుకులాట. అప్పుడే ర్యామ్ 8 జీబీ చేసిన. నా అంచనాలో, మన ఇళ్లల్లో పాత కంప్యూటర్ల మీద పెట్టిన డబ్బులన్నిట్లో అత్యంత బాగా ఖర్చయింది ఎస్ఎస్‌డీ మీదనే. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులు మొదలైనప్పుడు మా వాడలో అటకల మీది నుంచి దింపిన మూడు మెషీన్లను నేను దీంతోనే లేపిన.

ప్రాసెసర్ సంగతి అడుగుతారు. అది మన దగ్గర ఎప్పుడూ అప్‌గ్రేడ్ అవలేదు, ఎందుకంటే ఇంటెల్ ఊరుకోలేదు. 2009లో సాకెట్ 1156, 2011లో 1155, 2013లో 1150, 2015లో 1151. 2017లో పేరు 1151 అనే ఉంచి, పాత బోర్డులో కొత్త ప్రాసెసర్ నడవకుండా చేశారు. ఏఎండీ ఏఎం4 సాకెట్‌ని ఏళ్ల తరబడి నిలబెట్టింది, ఆ బోర్డున్నవాళ్లు అదృష్టవంతులు. మాలాంటోళ్లకి మిగిలిన దారి, ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ ఐ5 2400. అదే సాకెట్, రెండు కోర్లకు బదులు నాలుగు.

ఇక ఇప్పటి సంగతి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగింది. రిజిస్టర్ చేసుకుంటే ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, 2026 అక్టోబర్ దాకా. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైన. మాది రెండో తరం. ఎంత ర్యామ్ గుచ్చినా ఆ గీత దాటదు. ఇట్లాంటిది మన చరిత్రలో కొత్త. ఇన్నాళ్లూ మెషీన్ నెమ్మదైతే డబ్బు పెట్టి లేపేవాళ్లం, ఇప్పుడు బాగా నడుస్తున్నదాన్ని నడవొద్దంటున్నారు.

పైగా ర్యామ్ ధరలు. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడూ ఏఐ సర్వర్లకు కావలసిన మెమరీ వైపు తిరిగినయి. 2025 చివర్లో కొన్ని నెలల్లోనే ర్యామ్ ధర రెట్టింపు దాటింది. డిసెంబర్‌లో మైక్రాన్ మనందరికీ తెలిసిన క్రూషియల్ బ్రాండ్‌నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కొత్త కంప్యూటర్ కొనాలన్నా ఈ భారం అందులోనే కలిసి వస్తుంది. కొనక తప్పదంటే, ర్యామ్ ఉన్న ఎనిమిదో తరం ఆఫీసు డెస్క్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవడం మేలు.

ఇంతా ఆలోచించి పొద్దున బాపుని అడిగిన, "అసలు ఏం నడుస్తలేదు బాపు?" అని. "బ్యాంకుది తెరుస్తలేదురా, ఏదో ఎర్రగ వస్తది." చూస్తే కంప్యూటర్‌లో తేదీ 2012 జనవరి 1. బోర్డు మీద చిన్న నాణెం లాంటి బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. తేదీ తప్పుంటే సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవు, బ్రౌజర్ తలుపు వేస్తుంది. రెండో ఫిర్యాదు, కరెంటు మిణుకుమంటే ఆగిపోతుందని. యూపీఎస్‌లో 12 వోల్టుల బ్యాటరీ ఉబ్బి ఉంది.

రెండు బ్యాటరీలూ మార్చిన. దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాసిన. అదే ఎస్ఎస్‌డీలో లైనక్స్ మింట్ వేసి, తెలుగు టైపింగ్ పెట్టి, ఘంటసాల ఫోల్డర్‌ని డెస్క్‌టాప్ మీద ఉంచిన. ర్యామ్ మీద ఒక్క రూపాయి పెట్టలేదు. ప్రింటర్ తోటి గంటన్నర కొట్లాడిన, ఒప్పుకుంటున్న. కీబోర్డు మారుద్దామంటే మాత్రం బాపు ఒప్పుకోలేదు. "అక్షరాలు నాకు చేతికొచ్చినయి" అన్నడు. దానిమీద సగం అక్షరాలు అరిగిపోయి కనిపించవు.

వచ్చే ఎపిసోడ్‌లో యూపీఎస్‌లు. ఉంటా మరి.